బండి ఫోర్క్ (ముందు చక్రాన్ని పట్టుకునే జంట పైపులు) వంగినట్టుంది, ఇన్సూరెన్స్ క్లెయిమ్ పెట్టాల్నా? హన్మకొండ బైకర్లు కొంచెం చెప్పండి

నిన్న ములుగు రోడ్డు జంక్షన్ దగ్గర నా ఎడమ పక్కన పోతున్న ఆటో, ఎవరో చెయ్యెత్తంగనే ఇండికేటర్ లేకుండా అడ్డం తిరిగింది. ముందు చక్రం దానికి తగిలి బండి పడ్డది. నాకు మోచెయ్యి గీసుకపోయింది, అంతే. ఆటోకైతే గీత కూడా పడలే!

ఇండికేటర్, క్లచ్ లివర్ నేనే మార్పించుకుంటా. అసలు భయం హ్యాండిల్‌ది. బండి తిన్నగా పోతుంటే హ్యాండిల్ కొంచెం కుడికి తిరిగి ఉంటోంది. ఎడమ ఫోర్క్ సీల్ కింద పల్చగా ఆయిల్ తడి, తుడిచినా మళ్లీ వస్తోంది. ఒక మెకానిక్ క్లాంప్ బోల్టులు వదులు చేసి సరిచేస్తే చాలన్నాడు. ఇంకొకాయన పైపు వంగింది, మార్చాల్సిందే అంటున్నాడు. పైపు వంగిందో లేదో విప్పకుండా తెలుసుకునే ఉపాయం ఉందా?

ఫుల్ ఇన్సూరెన్స్ ఉంది. రెండేళ్లు క్లెయిమ్ లేనందుకు 25 శాతం బోనస్ వచ్చింది. క్లెయిమ్ పెడితే రిన్యువల్‌లో అది పోతది. బిల్లు ఎంత దాటితే మీరైతే క్లెయిమ్‌కు పోతరు? ఇన్సూరెన్స్ వాళ్ల సర్వేయర్ చూడకముందే విప్పిస్తే ఇబ్బందా?

ఇంకోటి. జంక్షన్లల్ల ఆటో తిరగబోతోందని ముందే ఎట్ల పసిగడతరు? నేను డ్రైవర్ తల చూస్తా, మా తమ్ముడేమో ముందు చక్రం చూడమంటడు. రోజూ ఈ రోడ్డు మీద తిరిగేటోళ్లు చెప్పండన్నా.