డాడీ లుంబా పాడింది హైలైఫేనా? డ్రమ్ మెషీన్ వచ్చాక ఆ పేరు నిలుస్తుందా?

రాగతీగ:
2025 జూలై 26న ఘానా గాయకుడు డాడీ లుంబా కన్నుమూసినప్పటి నుంచి అందరూ ఆయన్ని హైలైఫ్ అనే ఘానా డ్యాన్సు సంగీతానికి దిగ్గజం అంటున్నారు. ఆయన గొంతుకి వంక పెట్టలేం గానీ, ఆ పేరు మాత్రం నాకు ఒప్పుదల కాదు. 1964లో అషాంటీ ప్రాంతంలోని న్సుటాలో పుట్టి, 80లలో జర్మనీ వెళ్ళి, నానా అచెంపాంగ్‌తో కలిసి లుంబా బ్రదర్స్ పేరిట 1989లో తొలి ఆల్బమ్ తెచ్చిన మనిషి. అప్పటి పద్ధతేమిటి? కింద దరువు వేసే యంత్రం, అంటే డ్రమ్ మెషీన్; బూరల చోట సింథసైజర్ అనే ఎలక్ట్రానిక్ కీబోర్డు. పాతకాలపు హైలైఫ్ వాద్యగాడు ఇ.టి. మెన్సా టెంపోస్ బ్యాండు వినండి: ట్రంపెట్లు, శాక్సోఫోన్లు, చేత్తో కొట్టే గంట. ఆ గంట దెబ్బ వెంట్రుకవాసి వెనక్కి పడితేనే గిటార్‌కి ఊపొస్తుంది. మెషీన్ ప్రతి దెబ్బనీ కొలబద్ద పెట్టినట్టు ఒకే చోట వేస్తుంది. ఊపు అక్కడే చచ్చిపోతుంది.

బూరప్రియ:
రాగతీగ గారూ, బూరలు ఎందుకు పోయాయో చూడకుండా తీర్పు చెప్తే ఎలా? 1981 డిసెంబర్ 31న సైనికాధికారి రాలింగ్స్ తిరుగుబాటు చేసి ఘానాలో అధికారం పట్టాక 1982 నుంచి 84 దాకా రాత్రి కర్ఫ్యూ నడిచింది. హైలైఫ్ బ్యాండ్లకు కూడు పెట్టేదే రాత్రి డ్యాన్సులు. దానికితోడు వాయిద్యాల దిగుమతి మీద భారీ సుంకం. 1983లో కరవు, కార్చిచ్చులు. అదే ఏడాది నైజీరియా లక్షల మంది ఘానా వాళ్ళని వెళ్ళగొట్టింది. పదిమంది బ్యాండుని ఎవరు పోషిస్తారు? చర్చిలకు వినోదపు పన్ను లేదు కాబట్టి చాలామంది వాద్యగాళ్ళు అటు చేరారు. ఘానా గాస్పెల్‌లో, అంటే క్రైస్తవ భక్తి పాటల్లో, అంత హైలైఫ్ ఉండటానికి అదొక కారణం.

మిగిలినవాళ్ళలో కొందరు జర్మనీ పోయారు. అక్కడ స్టూడియోకి గంటల లెక్కన అద్దె. నలుగురు బూరల వాళ్ళని కూర్చోబెట్టే బదులు ఒక్క కీబోర్డు మనిషి చాలు. ఘానా గాయకుడు జార్జ్ డార్కో 1983లో 'అకో టె బ్రోఫో' పాట తెచ్చింది అలాగే. జర్మనీలోని హాంబర్గ్ నుంచి ఇంటికొచ్చిన వాళ్ళని 'బర్గర్' అనేవారు, అదే బర్గర్ హైలైఫ్ అయింది.

నాదతీరం:
బూరలే కొలమానం అనుకుంటే 1928నాటి 'యా అంపోన్సా' కూడా హైలైఫ్ కాకుండా పోతుంది. కుమాసి ట్రియో లండన్‌లో రికార్డు చేసిన ఆ పాటలో ఉన్నది ముగ్గురే. గిటార్లు, తాళం, అంతే. బొటనవేలు లావు తీగల మీద బాస్, చూపుడువేలు సన్న తీగల మీద రాగం: లైబీరియా క్రూ నావికుల నుంచి తీరానికి వచ్చిన ఆ రెండువేళ్ళ వాయింపే గిటార్ హైలైఫ్‌కి పునాది.

ఇంకా లోతుకి వెళ్తే అసలు సంగతి భాషలో ఉంది. లుంబా పాడిన ఘానా భాష ట్వీలో స్వరం ఎత్తు మారితే అర్థం మారుతుంది. 'పాపా' లాంటి ఒక మాట తీసుకోండి. రెండక్షరాలూ ఎత్తి పలికితే మంచి. మొదటిది దించి రెండోది ఎత్తితే నాన్న. రెండూ దించితే విసనకర్ర! అందుకే బాణీ మాట వెంట నడవాలి. పైగా వాక్యం సాగేకొద్దీ గొంతు మెట్లు దిగినట్టు దిగుతుంది, హైలైఫ్ చరణం పైన మొదలై కిందికి జారడం దాని నుంచే. లుంబా పాటలో ఆ జారుడు చెక్కుచెదరలేదు. కింద తాళం వేసేది మెషీన్ అయితే ఏం, చెక్క పెట్టె అయితే ఏం?

రాగతీగ:
భాష సంగతి ఒప్పుకుంటున్నా, అది బలమైన మాట. కానీ నష్టం ఇంకోచోట జరిగింది. క్యాసెట్లో ఉన్నది వేదిక మీద వాయించలేక టేపు పెట్టి పెదవులు కదిపే అలవాటు పెరిగింది. దాంతో డ్రమ్మర్లకీ బూరల వాళ్ళకీ పిలుపులు తగ్గాయి. నేర్పేవాళ్ళు లేకపోతే ఒక తరంలోనే వాయించే నైపుణ్యం పోతుంది.

బూరప్రియ:
ఆ నష్టం నిజమే, దాన్ని నేను కాదనను. కానీ మెషీన్, సింథసైజర్ పరాయి సరుకు అని కొందరు వేసే నింద మాత్రం తగదు. ట్రంపెట్లు కూడా కోటల్లోని సైనిక బ్యాండ్ల నుంచి వచ్చినవే. 1920లలో ఏడున్నర షిల్లింగుల టికెట్టు కొనలేక క్లబ్బు బయట నిలబడి చూసిన జనం, లోపలివాళ్ళ గొప్ప బతుకుని చూసి పెట్టిన పేరు 'హైలైఫ్'. లుంబా ఆ పాటని టికెట్టు కొనలేనివాళ్ళ ఇంట్లోకి క్యాసెట్‌లో తెచ్చాడు.

నాదతీరం:
ఇప్పుడు ఇంట్లో కంప్యూటర్ మీద ఈ బాణీ కట్టేవాళ్ళకి ఒక మాట. కిక్, అంటే పెద్ద డ్రమ్ము దెబ్బ, ఒక్కటే మెషీన్‌కి వదలండి. గంట, షేకర్ (గిలక్కాయ లాంటి వాద్యం) చేత్తో వాయించి రికార్డు చేయండి, దెబ్బల్ని సమానంగా సరిచేసే మీట నొక్కొద్దు. అన్నిటినీ కంప్యూటర్ తెర మీది కొలత గీతలకి (గ్రిడ్‌కి) లాగేస్తే రాగతీగ గారు చెప్పిన జబ్బే పట్టుకుంటుంది. గిటార్ మాత్రం గంటనే వింటూ వాయించాలి. చెవిలో కిక్ పెట్టుకుని వాయిస్తే అది డిస్కో వైపు ఒరిగిపోతుంది.