ఉబుంటులో 127 డిగ్రీల రీడింగ్: ఏ సెన్సార్ డ్రైవర్‌ను నమ్మాలి?

బైరాగిపట్టెడ_డీటీపీ:
పెళ్లిపత్రికల డిజైన్ కోసం మా దుకాణంలో వాడే ఇంటెల్ కంప్యూటర్‌లో ఈమధ్యే ఉబుంటు (లైనక్స్ ఆధారిత ఆపరేటింగ్ సిస్టమ్) వేయించాను. ఏసీ లేని గది, తిరుపతి ఎండలు మీకు తెలిసినవే కాబట్టి, మే నెలలో ప్రాసెసర్ ఎంత వేడెక్కుతోందో గమనించుకోవాలని ఎల్ఎం-సెన్సార్స్ ప్యాకేజీ పెట్టుకున్నాను. ‘సెన్సార్స్’ అని టెర్మినల్‌లో కొడితే ఒకే యంత్రానికి అరడజను ఉష్ణోగ్రతలు వచ్చాయి. కోర్‌టెంప్ కింద 58, సీపీయూటిన్ దగ్గర 41, ఆక్స్‌టిన్ దగ్గర ఏకంగా 127 చూపిస్తోంది. బోర్డులో ఎక్కడైనా నిజంగా 127 ఉంటే ఈపాటికి కాలిన వాసన రావాలి కదండీ. వీటిలో దేన్ని నమ్మాలో అనుభవమున్నవారు చెప్పగలరు.

చిత్తూరు_సర్వీస్‌బెంచి:
ఆ 127ను వదిలేయండి. సీపీయూటిన్, ఆక్స్‌టిన్ అనేవి మదర్‌బోర్డు మీది నువోటాన్ కంపెనీ సూపర్ ఐఓ చిప్‌కు (ఉష్ణోగ్రతలు, ఫ్యాన్ల సంగతి చూసే చిప్) ఉన్న ఇన్‌పుట్ల పేర్లు. వాటిని చదివేది ఎన్‌సీటీ6775 అనే డ్రైవర్. చిప్ తయారుచేసినవారు ఇన్‌పుట్లు చాలానే ఇస్తారు గానీ, వాటిలో దేనికి థర్మిస్టర్ (వేడిని గుర్తించే భాగం) కలపాలి, దేన్ని ఖాళీగా వదలాలి అన్నది బోర్డు తయారీదారు ఇష్టం, ఆ సంగతి డ్రైవర్‌కు తెలిసే దారి లేదు. అందుకని ఖాళీ ఇన్‌పుట్‌కు కూడా చిప్‌లోని రిజిస్టర్‌లో (విలువ ఉండే గడిలో) ఏ అంకె ఉంటే దాన్నే తెచ్చి మన ముందు పెడుతుంది. గుర్తుతో కూడిన 8 బిట్లలో పట్టే అతిపెద్ద సంఖ్య 127 కాబట్టి, అది కనిపించిందంటే అక్కడ ఏమీ కలపలేదనే అర్థం చేసుకోవచ్చు.

ప్రాసెసర్ వేడికి దాని లోపలి సెన్సార్‌ను చదివే కోర్‌టెంప్ డ్రైవర్‌నే చూడండి. ఇంటెల్ కోర్లలోని డిజిటల్ సెన్సార్ నేరుగా ఉష్ణోగ్రత చెప్పదు. గరిష్ఠ హద్దుకు ఇంకా ఎన్ని డిగ్రీల దూరంలో ఉన్నదో చెబుతుంది. ఆ హద్దు చాలా మోడళ్లలో 100 డిగ్రీలు, దానిలోంచి డ్రైవర్ తీసివేత చేసి చూపిస్తుంది. కాబట్టి హద్దుకు దగ్గరయ్యేకొద్దీ ఈ అంకె నమ్మదగినది, చల్లగా ఉన్నప్పుడు కొంత అటూ ఇటూ ఉంటుంది. మీ జాబితాలో పీఈసీఐ ఏజెంట్ అనే వరుస కూడా ఉంటే సరిపోల్చుకోండి. అదీ ప్రాసెసర్ లోపలి రీడింగే కనుక కోర్‌టెంప్‌కు దగ్గరగా ఉండాలి.

తిరుచానూరు_రైజెన్:
ఏఎండీ ప్రాసెసర్లు వాడేవారికి ఇంకో చిక్కు ఉంది. కే10టెంప్ డ్రైవర్ చూపించే ‘టీసీటీఎల్’ అన్నది ఫ్యాన్ వేగాన్ని నిర్ణయించడానికి ఉద్దేశించిన విలువ. రైజెన్ 1700ఎక్స్, 1800ఎక్స్‌లలో అది అసలు వేడికన్నా 20 డిగ్రీలు, మొదటి తరం థ్రెడ్‌రిప్పర్‌లో 27 డిగ్రీలు ఎక్కువగా ఉంటుంది. ఆ కూడిక తీసేసిన ‘టీడై’ కూడా కనిపిస్తే దాన్నే చూడండి. సెకండ్ హ్యాండ్‌లో 1700ఎక్స్ కొన్నవారు ఈ సంగతి తెలియక కూలర్ మార్చడం నేను చూశాను.

పలమనేరు_లైనక్స్:
నా బోర్డులో ఉన్నది ఐటీఈ చిప్. ఐటీ87 డ్రైవర్‌ను లోడ్ చేయబోతే, ఆ చిప్‌తో మాట్లాడే పోర్టులను ఏసీపీఐ (బోర్డు ఫర్మ్‌వేర్‌లోని కోడ్) వాడుకుంటోందంటూ కెర్నెల్ (లైనక్స్ మూల భాగం) ఒప్పుకోలేదు. ‘ఏసీపీఐ ఎన్‌ఫోర్స్ రిసోర్సెస్ లాక్స్’ (లాక్స్ అంటే సడలింపు) అనే బూట్ పారామీటర్ పెడితే పనిచేస్తుందని చాలాచోట్ల రాస్తారు, పనిచేస్తుంది కూడా. పెట్టవచ్చునా?

చిత్తూరు_సర్వీస్‌బెంచి:
పెట్టేముందు అది దేన్ని సడలిస్తుందో చూడాలండీ. ఇలాంటి చిప్‌లలో ముందు ఒక పోర్టులో రిజిస్టర్ సంఖ్య రాసి, తర్వాత ఇంకో పోర్టులో విలువ చదవాలి. ఈ రెండు పనుల మధ్యలో ఫర్మ్‌వేర్ కోడ్ దూరి వేరే రిజిస్టర్ సంఖ్య రాస్తే, డ్రైవర్ ఒకటి అడిగి ఇంకొకటి చదువుతుంది. రాసే సమయంలో అదే జరిగితే ఫ్యాన్ అమరిక చెడవచ్చు. లాక్స్ పెడితే ఈ కాపలా అన్ని డ్రైవర్లకూ తొలగిపోతుంది. ఐటీ87కు మాత్రమే వర్తించే ‘ఇగ్నోర్ రిసోర్స్ కాన్‌ఫ్లిక్ట్’ అనే ఆప్షన్ మీ డ్రైవర్‌లో ఉంటే, ప్రమాదం పూర్తిగా పోకపోయినా, ఆ ఒక్క చిప్‌కే పరిమితమవుతుంది. కొలత చూసుకోవడానికైతే సరే, ఫ్యాన్ల నియంత్రణను మాత్రం బయాస్‌కే వదిలేయమంటాను.

ఏ సెన్సార్ చిప్‌లున్నాయో వెతికే సెన్సార్స్-డిటెక్ట్ నడిపేటప్పుడు కూడా ప్రతి ప్రశ్నకూ ‘ఎస్’ కొట్టకండి, ఎంటర్ నొక్కి అది సూచించిన జవాబునే ఉంచండి. పాత ఐబీఎం థింక్‌ప్యాడ్‌లు కొన్నింటిలో ఈ ప్యాకేజీ తొలి వెర్షన్లు ఎస్ఎంబస్‌ను (బోర్డు మీది చిప్‌లను కలిపే దారి) వెతుకుతూ పోయి ఈఈప్రామ్‌ను (అమరికలు దాచే చిప్) చెడగొట్టిన చరిత్ర ఉంది.

నగరి_స్క్రిప్టు:
రీడింగ్‌లను ఫైలులోకి ఎక్కించేవారికి ఒక మాట. రీడింగ్‌లు ఉండే హెచ్‌డబ్ల్యూమాన్ ఫోల్డర్ల పేర్ల చివరనున్న 0, 1, 2 అంకెలు రీబూట్ చేసినప్పుడల్లా అలాగే ఉంటాయన్న హామీ లేదు. స్క్రిప్టులో ఆ అంకె రాసుకుంటే, ప్రాసెసర్ అనుకుని ఎస్ఎస్‌డీ వేడిని నమోదు చేసుకునే అవకాశం ఉంది. ప్రతి ఫోల్డర్‌లోనూ ‘నేమ్’ అనే ఫైలు ఉంటుంది, దాన్ని చదివి ఎంచుకోవాలి. విలువలు డిగ్రీలో వెయ్యో వంతుల్లో ఉంటాయి కాబట్టి 58000 అంటే 58 డిగ్రీలు.

తిరుచానూరు_రైజెన్:
విండోస్‌లో ఉండిపోయినవారికి: ఇలాంటి కొలతలు చూపే ఉచిత టూల్స్ చాలా కాలం విన్‌రింగ్0 అనే డ్రైవర్ మీద ఆధారపడ్డాయి. దాని భద్రతా లోపం 2020లోనే నమోదైంది, 2025లో మైక్రోసాఫ్ట్ డిఫెండర్ దాన్ని ప్రమాదకరమైనదిగా పట్టుకోవడం మొదలుపెట్టింది. హెచ్చరిక వస్తే డిఫెండర్‌ను ఆపేయకండి, ఆ టూల్‌కు కొత్త వెర్షన్ ఉందేమో చూడండి.

బైరాగిపట్టెడ_డీటీపీ:
అందరికీ ధన్యవాదాలు. పీఈసీఐ వరుస 57 చూపిస్తోంది, కోర్‌టెంప్‌తో సరిపోయింది. సెన్సార్స్ కాన్ఫిగ్ ఫైలులో ఆక్స్‌టిన్‌కు ‘ఇగ్నోర్’ రాశాక 127 కనిపించడం లేదు. పాత డిజైన్లన్నీ ఉన్న సాటా హార్డ్‌డిస్క్ వేడి మాత్రం ఎక్కడా రావడం లేదు, దానికి వేరే టూల్ కావాలా?

నగరి_స్క్రిప్టు:
అక్కర్లేదన్నా. 2020లో వచ్చిన 5.6 కెర్నెల్ నుంచి డ్రైవ్‌టెంప్ అనే మాడ్యూల్ ఉంది, దానంతటదే లోడ్ కాదు. మోడ్‌ప్రోబ్ అనే ఆదేశంతో ఒకసారి లోడ్ చేసి చూసి, సరిగా వస్తుంటే మాడ్యూల్స్-లోడ్ ఫోల్డర్‌లోని ఒక కాన్ఫిగ్ ఫైలులో దాని పేరు రాసి పెట్టండి.