కబడ్డీలో తలకు తగిలిన దెబ్బకు ఏళ్ల తర్వాత కూడా ధ్యాస కుదరదా?

తిరుపతి_రైడర్: మా తమ్ముడికి 21, ఇక్కడే తిరుపతిలో హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతున్నాడు. ఇంటర్లో ఉండగా మ్యాచ్‌లో ఎవడిదో మోకాలు తలకు తగిలి కాసేపు ఎక్కడున్నాడో తెలియలేదు, స్కాన్‌లో ఏమీ లేదన్నారు. ఇప్పుడు పుస్తకం ముందు పది నిమిషాలు కుదురుగా కూర్చోలేడు. ఆ దెబ్బ వల్లే అని అమ్మ. ఆట మాన్పించమని నాన్న. ఇన్నేళ్లు ఉంటుందా అన్నా?

చిత్తూరు_పాత_కోచ్: స్కాన్ బాగుందంటే బాగున్నట్టే నాయనా. మేం మ్యాట్ ఎరగం, మట్టిలోనే ఆడాం, దెబ్బ తగిలితే తలమీద నీళ్లు చల్లుకుని మళ్లీ కూతకు పోయేవాళ్లం. రాత్రి రెండింటి దాకా రీల్స్ చూసేవాడికి ధ్యాస ఎక్కడినుంచి వస్తుంది?

న్యూరోసైకాలజీ_విద్యార్థిని: సార్, నిద్ర మాట నిజమే, స్కాన్ మాట మాత్రం కాదు. సీటీ స్కాన్‌లో కనపడేది రక్తం గడ్డకట్టిందా, ఎముక చిట్లిందా అనేది; కంకషన్ అంటే తల అదిరి మెదడు పని కాసేపు తడబడటం, అది వచ్చినా సీటీ మామూలుగానే ఉంటుంది, చాలామందికి స్పృహ కూడా తప్పదు. అలాగని అమ్మ అనుకున్నదీ రుజువైపోలేదు. పెద్దవాళ్లలో ఎక్కువమంది రెండు వారాల్లో, పిల్లలు నాలుగు వారాల్లో కోలుకుంటారు. గొడవంతా ఆ తర్వాతి సంగతి మీదే. ఎప్పుడో దెబ్బ తగిలిన కాలేజీ ఆటగాళ్లకు మామూలు జ్ఞాపకశక్తి, ఏకాగ్రత పరీక్షలు పెడితే చాలాసార్లు తేడా దొరకదు, కానీ తలకు ఈఈజీ, అంటే మెదడు విద్యుత్ అలలను నమోదు చేసే యంత్రం, తగిలించి చూసిన కొన్ని పరిశోధనల్లో ధ్యాసకు సంబంధించిన పీ300 అనే అల చిన్నదిగా కనిపించింది. ఆ తేడా చదువు మీద పడుతుందా అంటే నా లెక్కన ఇంకా తేలలేదు. ఇంకోటి, ఏడీహెచ్‌డీ (ధ్యాస నిలవకపోవడం, అతి చురుకుదనం ఉండే సమస్య) ఉన్న ఆటగాళ్లలో కంకషన్లు ఎక్కువ, అంటే కొందరికి ధ్యాస సమస్య దెబ్బకంటే ముందే ఉంటుంది.

చంద్రగిరి_డిఫెండర్: మరి అమెరికా ఫుట్‌బాల్ వాళ్ల మెదళ్లు? 2017లో 111 మందివి చూస్తే 110 మందిలో సీటీఈ, అదే తలకు పదేపదే దెబ్బలు తగిలి మెదడు క్షీణించే జబ్బు, ఉందన్నారుగా?

న్యూరోసైకాలజీ_విద్యార్థిని: అవి దానంగా వచ్చిన మెదళ్లు. మనిషిలో తేడా కనపడ్డ కుటుంబాలే ఎక్కువగా ఇచ్చి ఉంటాయి, పైగా వాళ్లు ఏళ్ల తరబడి గుద్దులు తిన్న ప్రొఫెషనల్స్. ఒక్క దెబ్బకు ఆ లెక్క అతికించకండి. రైడర్ గారూ, ఆ రోజు తమ్ముడు మళ్లీ ఆడాడా? ఆ తర్వాత ఇంకేమైనా దెబ్బలు తగిలాయా? తలనొప్పి, నిద్రలేమి, దిగులు ఉన్నాయా? వీటితోనూ ధ్యాస చెదురుతుంది, వీటికి వైద్యం ఉంది.

తిరుపతి_రైడర్: ఆ రోజు సెకండ్ హాఫ్ అంతా ఆడించారు. తర్వాత కూడా ఒకట్రెండుసార్లు తగిలింది. నిద్ర అంతంతమాత్రమే.

న్యూరోసైకాలజీ_విద్యార్థిని: అయితే న్యూరాలజిస్టుకు చూపించండి, ఈ మూడూ చెప్పండి. ఆట పూర్తిగా మాన్పించాలని ఇప్పుడే తీర్మానించొద్దు. అనుమానం ఉన్న రోజు మాత్రం మళ్లీ దింపకూడదు, ఇందులో వాదన లేదు.

చిత్తూరు_పాత_కోచ్: మంచి రైడర్‌ను కూర్చోబెడితే మ్యాచ్ పోతుందమ్మా, ఊళ్లో వాళ్లకు ఎవరు జవాబు చెప్తారు?

చంద్రగిరి_డిఫెండర్: 2019లో లార్డ్స్ క్రికెట్ టెస్టులో బంతి తగిలి కంకషన్ వచ్చిన ఆస్ట్రేలియా స్మిత్‌నే కూర్చోబెట్టి లబుషేన్‌ను దింపారు సార్. మనకు బెంచీ మీద మనుషులున్నది ఎందుకు మరి?