సిమ్ స్టార్టర్ ఉంది, నీళ్లు ఎంతసేపు వదలాలో చెప్పే యాప్ ఏదైనా ఉందా?

అందరికీ నమస్కారం. మాది పలమనేరు దగ్గర పల్లె. టమోటాకు మల్చింగ్ (మొక్కల చుట్టూ నేలను కప్పడం) వేసి డ్రిప్ పెట్టాం. ఎర్రనేల, ఇసుక పాలు ఎక్కువ, తడి ఎంతోసేపు నిలవదు. నేను చిత్తూరులో పనిచేస్తాను, పొలం దగ్గర ఉండేది నాయనే.

బోరుకు సిమ్ కార్డుతో నడిచే స్టార్టర్ బిగించాం. ఫోన్‌లోనే మోటారు ఆన్, ఆఫ్. ఫేజు పోయినా, బోరులో నీళ్లు తగ్గినా దానంతట అదే ఆగిపోతుంది. ఆ టెన్షన్ లేదు. (అది 2జీ మీద నడిచే రకం, జియో సిమ్ పనిచేయదు. కొనేవాళ్లు చూసుకోండి.)

ఎంతసేపు వదలాలన్నదే అంచనా. డ్రిప్పర్లు గంటకు 4 లీటర్లవి. నారు నాటినప్పుడూ కాయ ఊరేటప్పుడూ ఒకే టైమర్ పెడితే ఎలా? కాయ దశలో ఎండగట్టి, తర్వాత ఒక్కసారిగా పారిస్తే కాయలు పగులుతాయి. పగిలిన కాయను మండీలో ఎవరు కొంటారు?

ఎండ, గాలి, పంట వయసు లెక్కగట్టి ఈరోజు ఇన్ని నిమిషాలు అని తెలుగులో చెప్పే యాప్ ఎవరైనా వాడుతున్నారా? తేమ సెన్సర్ ఇలాంటి నేలలో సరిగ్గా చూపిస్తుందా, ఎంత లోతులో పాతాలి? లేక టెన్షియోమీటర్ (నేలలో పాతి తడి ఎంతుందో ముల్లు చూసి తెలుసుకునే గొట్టం) చాలా? నాయనకు మాత్రం మట్టి పిడికిట్లో నొక్కి చూస్తేనే నమ్మకం. ఆయన లెక్క చాలావరకు సరిపోతుంది కూడా, కానీ ఆయన ఊళ్లో లేనిరోజే చిక్కు.

అమ్మేవాళ్లు కాదు, వాడినవాళ్లు చెప్పండి. ఖర్చు ఎంతయిందో కూడా రాయండి.