'రెటిసెంట్' అంటే తక్కువ మాట్లాడేవాడా, వెనకాడేవాడా?

కొబ్బరాకు: అప్రైజల్‌లో మా మేనేజర్ నా గురించి 'రెటిసెంట్ టు టేక్ ఓనర్‌షిప్' అని రాశాడు. పెద్దగా మాట్లాడనని రాశాడేమో అనుకున్నా. పక్క సీటాయన చదివి 'పని నెత్తిన వేసుకోవడానికి వెనకాడతావట' అన్నాడు. ఏది కరెక్ట్?

పాతపలక: మీ మేనేజర్ రాసిందే తప్పు. మౌనంగా ఉండటం అనే లాటిన్ మాట నుంచి వచ్చింది రెటిసెంట్. టాసిట్, టాసిటర్న్ దీనికి చుట్టాలే. టాసిటర్న్ అంటే ముభావి, స్వభావమే అంత. రెటిసెంట్ మనిషి అన్నీ మాట్లాడతాడు, తన సంగతి దగ్గరికొచ్చేసరికి గుంభనంగా ఉంటాడు. వెనకాడేవాణ్ణి 'రిలక్టెంట్' అంటారు. రెటిసెంట్ తర్వాత 'టు' పెట్టి క్రియ తగిలించకూడదు.

రెండోమెట్టు: మాస్టారూ, మెరియమ్-వెబ్‌స్టర్ డిక్షనరీలో 'రిలక్టెంట్' అనే అర్థం కూడా ఇచ్చారు. ఆ వాడుక 19వ శతాబ్దం నుంచీ ఉంది.

పాతపలక: పాత తప్పయితే ఒప్పయిపోతుందా?

రెండోమెట్టు: 'నైస్' అంటే ఒకప్పుడు తెలివితక్కువ అని అర్థం. మీరు ఇప్పటికీ అలాగే వాడతారా?

చింతచిగురు: హైక్ ఎంతొచ్చిందో చెప్పు బ్రో ముందు.

కొబ్బరాకు: రాలేదు. అందుకే అడుగుతున్నా.

పాతపలక: అయితే హెచ్‌ఆర్‌కి రాయండి, ఆ వాక్యం వ్యాకరణ విరుద్ధమని. ముప్పై ఏళ్లు ఇంగ్లిష్ పాఠాలు చెప్పినవాణ్ణి చెబుతున్నా.

కొబ్బరాకు: ఏంటండీ వ్యాకరణం! రాత్రి రెండింటికి సర్వర్ పడిపోతే లేచి కూర్చుని సరిచేసింది నేను. పొద్దున కాల్‌లో అది వివరించి చెప్పింది వేరేవాడు. నేను మ్యూట్‌లోనే ఉన్నా. వాక్యం మనసులో కూర్చుకుని, టెన్స్ సరిచూసుకుని అన్‌మ్యూట్ చేసేలోపు టాపిక్ మారిపోతుంది. నోరు తెరవకపోతే పని తప్పించుకున్నట్టేనా? ఈ భయం పెట్టింది మీలాంటి మాస్టార్లే. మా స్కూల్లో తెలుగు మాట్లాడితే ఫైన్, ఇంగ్లిష్ తప్పు మాట్లాడితే క్లాసంతా నవ్వు. ఏదీ మాట్లాడకపోతే గుడ్ బాయ్.

చింతచిగురు: సారీ బ్రో.

రెండోమెట్టు: అంటే ఆయన నీ మౌనం చూసి వెనకాడుతున్నావని రాశాడు. మనం ఇందాకటి నుంచీ కొట్టుకుంటున్నదీ ఆ రెండర్థాల గురించే.

పాతపలక: ఫైన్ మా బడిలోనూ ఉండేది. రూపాయి. వసూలు చేసింది నేనే. హెచ్‌ఆర్‌కి రాసేటప్పుడు వ్యాకరణం వదిలేయండి, రాత్రి రెండింటి సంగతి రాయండి. కావాలంటే నేను దిద్దిపెడతా.

కొబ్బరాకు: దిద్దడం వద్దండీ.

పాతపలక: సరే. 'టు' మాత్రం తప్పే.