మునిసిపాలిటీ తరఫున మాట్లాడటానికి జీతమిచ్చి మనిషిని పెట్టుకోవచ్చా?

సోషల్ మాస్టారు (ప్రకాశం జిల్లా)

అందరికీ నమస్కారం. నేను ముప్పై రెండేళ్లు హైస్కూల్లో సోషల్ చెప్పి రిటైరయ్యాను. మాది ప్రకాశం జిల్లాలో ఒక చిన్న మునిసిపాలిటీ. ఊరి పేరు రాయడం లేదు. కౌన్సిల్లో కూర్చున్నవాళ్లలో నా దగ్గర చదువుకున్నవాళ్లు చాలామంది ఉన్నారు, వాళ్లను నలుగురిలో నిలబెట్టాలని నాకు లేదు.

పోయిన ఏడాది డాలస్ పక్కన ఒక ఊళ్లో మా అమ్మాయి దగ్గర ఐదు నెలలు ఉన్నాం. ఒక మంగళవారం సాయంత్రం మా అల్లుడు ఇంటి పర్మిషన్ పని మీద సిటీ హాలుకు వెళ్తుంటే నేనూ వెళ్లాను. లోపల కౌన్సిల్ మీటింగ్ జరుగుతోంది. ఎవరైనా వెళ్లి కూర్చోవచ్చట. ఎజెండా కాగితాలు గుమ్మం దగ్గరే పెట్టారు. అందులో ఒక అంశం చూసి ఆగిపోయాను. రాష్ట్ర రాజధాని ఆస్టిన్‌లోనూ వాషింగ్టన్‌లోనూ ఊరి తరఫున మాట్లాడే ఒక సంస్థతో ఒప్పందాన్ని ఇంకో ఏడాది పొడిగించాలని రాసి ఉంది. నెలకు ఎన్ని డాలర్లు ఇస్తారో ఉంది. వాళ్లు చేయాల్సిన పనులు కూడా ఉన్నాయి: నీళ్ల పైపులకు గ్రాంటు తేవడం, హైవే మీద బ్రిడ్జి సంగతి చూడటం, ఊరి పన్నుల మీద అసెంబ్లీలో ఏదైనా బిల్లు వస్తుంటే ముందే కౌన్సిల్‌కు చెప్పడం. ఒక పెద్దాయన లేచి, పోయిన ఏడాది వీళ్లకిచ్చిన డబ్బుకు ఊరికి ఏమొచ్చిందని అడిగాడు. సిటీ మేనేజరు లెక్క చెప్పాడు. తర్వాత ఓటింగ్ పెట్టారు. ఆ కాగితం ఇంటికి తెచ్చుకున్నాను, ఇప్పటికీ నా బీరువాలో ఉంది.

ఇక మా ఊరి సంగతి. మా వీధిలో కుళాయి మూడు రోజులకోసారి వస్తుంది. బోరు నీళ్లలో ఫ్లోరైడ్. ముందు బెంచీల్లో కూర్చున్న పిల్లలు నోరు తెరిచి జవాబు చెబుతుంటే పళ్ల మీద గోధుమరంగు చారలు కనపడేవి. ఆ చారలు చూస్తూనే సర్వీసంతా పాఠాలు చెప్పాను. వేసవికి నీళ్లు నిల్వ చేసే రెండో సమ్మర్ స్టోరేజీ ట్యాంకు కావాలని ప్రతిపాదన వెళ్లి ఏళ్లయింది. అది ఎక్కడుందని అడిగితే ఒకరు ఒంగోలు అంటారు, ఒకరు విజయవాడ అంటారు, ఇంకొకరు ఢిల్లీలో ఆగిందంటారు. ఒంగోలు కలెక్టరేట్ ప్రకాశం భవన్‌లో సోమవారం గ్రీవెన్స్‌కు నేనే రెండుసార్లు వెళ్లి అర్జీ ఇచ్చాను. రసీదు ఇచ్చారు.

నా ప్రశ్న ఇది. మునిసిపాలిటీ మీద కేసు పడితే హైకోర్టులో వాదించడానికి స్టాండింగ్ కౌన్సెల్ ఉంటాడు. ఆయనకు ఫీజు మన పన్నుల్లోంచే ఇస్తాం, దాన్ని ఎవరూ తప్పు పట్టరు. కోర్టులో ఊరి తరఫున వకాల్తా పుచ్చుకునే మనిషి ఉన్నప్పుడు, సచివాలయంలో అలాంటి మనిషి ఎందుకు ఉండకూడదు? ఈ మాట ఎక్కడ ఎత్తినా ‘అది పైరవీ కదా మాస్టారూ’ అంటున్నారు. పైరవీకీ వకాల్తాకీ తేడా ఎక్కడుంది? తెలిసినవాళ్లు చెప్పండి.

అకౌంట్స్ సెక్షన్ (నెల్లూరు జిల్లా, రిటైర్డ్)

మాస్టారూ, నేను మా జిల్లాలో మూడు మునిసిపాలిటీల్లో పనిచేశాను. మీరడిగే మనిషి మన దగ్గర ఎప్పటినుంచో ఉన్నాడు. ఊరి మనిషి కాదు, అంతే.

రాష్ట్రం విడిపోకముందు నెలకు రెండుసార్లయినా రాత్రి సింహపురి ఎక్స్‌ప్రెస్ ఎక్కి హైదరాబాద్ వెళ్లేవాణ్ని, చేతిసంచీలో ఫైళ్లు పెట్టుకుని. సీటులో ఉండాల్సినాయన సెలవులో ఉంటే ఆ రాత్రికే తిరుగు ప్రయాణం. అదే బోగీలో చాలాసార్లు కాంట్రాక్టరు గారి మనిషి కనపడేవాడు. ఏ కాగితం ఏ టేబుల్ మీద ఉందో నాకంటే ఆయనకే బాగా తెలుసు. నాకు టీ కూడా ఆయనే ఇప్పించేవాడు. రోడ్డు పనులు, పెద్ద డ్రైన్ల ఫైళ్లు అలా కదిలాయి. చెరువులో పూడిక, పాత పైపుల మార్పిడి, లీకులు కట్టడం లాంటివాటిలో ఎవరికీ పెద్దగా మిగిలేది ఉండదు. ఆ ఫైళ్ల వెంట రైలెక్కినవాడు లేడు. నేనొక్కడినే. నా ప్రయాణ ఖర్చుల టీఏ బిల్లు రెండు నెలలకు పాసయ్యేది.

మీ ట్యాంకు ఎక్కడ ఆగిందో వెతకడానికి ఒక దారి చెబుతాను. 2015లో కేంద్రం తెచ్చిన మొదటి అమృత్ పథకం ప్రధానంగా లక్ష జనాభా దాటిన ఊళ్లకు, మీలాంటి ఊరికి అందులో చోటు లేదు. 2021 అక్టోబరు 1న మొదలైన అమృత్ 2.0లో తాగునీటికి చిన్న మునిసిపాలిటీలకూ అర్హత ఇచ్చారు. దానికి ముందు మీ ఊరి నీళ్ల లెక్క తయారవ్వాలి: ఎక్కడి నుంచి ఎంత వస్తోంది, ఎంత కారిపోతోంది, ఎంత చాలట్లేదు. దాన్ని వాటర్ బ్యాలెన్స్ ప్లాన్ అంటారు. అది రాష్ట్రం ప్లానులో కలవాలి. అక్కడ కమిటీ ఒప్పుకున్నాక ఢిల్లీలో అపెక్స్ కమిటీ ముందుకు వెళ్తుంది. మూడు మెట్లు. మీ ఊరు ఏ మెట్టు మీద ఉందో కమిషనర్‌ను రాతపూర్వకంగా అడగండి. సమాచార హక్కు కింద అడిగితే ముప్పై రోజుల్లో జవాబు ఇవ్వాలి.

ఇంకొకటి. 15వ ఆర్థిక సంఘం 2021-26కు ఇచ్చిన గ్రాంటులో, పది లక్షల లోపు ఊళ్లకు 60 శాతం తాగునీటికీ పారిశుద్ధ్యానికీ మాత్రమే వాడాలని పెట్టింది. అందులో సగం నీళ్లకు. ఆ డబ్బు మీ ఊళ్లో దేనికి పోయిందో కూడా అడగండి. ఆడిట్ లెక్కలు ఆన్‌లైన్‌లో పెట్టడం ఆ గ్రాంటుకు షరతు, కాబట్టి కుదరదని ఎవరూ అనలేరు.

మనిషిని పెట్టుకోవడం సంగతికొస్తే, డీపీఆర్ (పథకం పూర్తి నివేదిక) తయారీకి కన్సల్టెంటు అంటే ఆడిట్‌లో అభ్యంతరం రాదు. ‘ప్రభుత్వంతో మాట్లాడినందుకు ఫీజు’ అని రాస్తే ఏ పద్దు కింద ఖర్చు పెట్టావని నన్నే అడుగుతారు. నా సర్వీసులో అలాంటి ఓచరు చూడలేదు.

కావలి టు టెక్సాస్

మాస్టారూ, నమస్తే. డాలస్‌కు నలభై మైళ్ల దూరంలో ఉంటాను, పన్నెండేళ్లయింది. ఇక్కడి సంగతి పూర్తిగా చెప్పకపోతే మీకు అంతా బంగారంలా కనపడుతుంది.

ఇలా ప్రభుత్వంతో మాట్లాడి పని జరిపించడాన్ని ఇక్కడ లాబీయింగ్ అంటారు. వాషింగ్టన్‌లో దానికి 1995లో ఒక చట్టం చేశారు. ఊరు బయటి సంస్థను పెట్టుకుంటే ఆ సంస్థ తన పేరు, క్లయింటు పేరు నమోదు చేయించాలి. 2007లో సవరించాక మూడు నెలలకోసారి రిపోర్టు ఇవ్వాలి: ఎంత తీసుకున్నాం, ఏ విషయం మీద మాట్లాడాం అని. ఆ రిపోర్టులు నెట్‌లో ఉంటాయి, మన భారత రాయబార కార్యాలయం పెట్టుకున్న సంస్థల వివరాలు కూడా ఇంకో చట్టం కింద అలాగే దొరుకుతాయి. ఊరి ఉద్యోగి తన డ్యూటీలో భాగంగా వెళ్లి మాట్లాడితే మాత్రం నమోదు అక్కర్లేదు. పైరవీకీ వకాల్తాకీ తేడా అడిగారు కదా, నాకు తెలిసినంతలో తేడా ఆ రిజిస్టరే.

అయితే ఇక్కడ కూడా గొడవ ఉంది. 2019లో టెక్సాస్ అసెంబ్లీ ఒక చట్టం తెచ్చింది. ఊళ్లు ఆస్తి పన్ను రాబడి ఏడాదికి 3.5 శాతం కంటే ఎక్కువ పెంచుకోవాలంటే జనం ఓటు అడగాలి. అంతకుముందు హద్దు 8 శాతం. చాలా ఊళ్లు దాన్ని వ్యతిరేకించాయి, వాళ్ల లాబీయిస్టులు కూడా. నాలాంటి ఇంటి యజమానులకు ఒళ్లు మండింది. నా పన్ను తగ్గించే బిల్లును అడ్డుకోవడానికి నా పన్నుతోనే మనిషిని పెట్టుకుంటారా అని. పన్ను డబ్బుతో లాబీయిస్టులను పెట్టుకోవడాన్నే ఆపాలని అదే ఏడాది ఇంకో బిల్లు వచ్చింది, అది సభలో ఓడిపోయింది.

మన దేశంలో లాబీయింగ్‌ను అనుమతించే చట్టం లేదు, నమోదు చేసే చట్టమూ లేదు. అందుకే అంతా చీకట్లో నడుస్తుంది. ఆ రిజిస్టరు లేకుండా మీ ఊళ్లో మనిషిని పెడితే, రెండేళ్లలో ఆయన కూడా ఎవరో ఒక కాంట్రాక్టరు మనిషి అయిపోతాడని నా భయం. కోపం తెచ్చుకోకండి.

కలిగిరి సుబ్బులు కూతురు

నేను ఒప్పుకోను సార్. మా అమ్మ సారా ఉద్యమంలో తిరిగిన మనిషి. ఆ ఉద్యమం మొదలైన దూబగుంట మాకు దగ్గరే. ఆ ఆడవాళ్లు ఎవరికీ ఫీజు ఇవ్వలేదు. సారా వేలం పాటలు జరగనివ్వకుండా నెల్లూరులో కూర్చున్నారు. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా ఆగిపోయింది. మాట వినిపించాలంటే మనుషులు కావాలి, జీతగాడు కాదు.

డబ్బుతో మాట్లాడించడం మొదలైతే డబ్బున్న ఊరే ముందు వెళ్తుంది. నెల్లూరు కార్పొరేషన్ పెట్టుకోగలదు, ఒంగోలు పెట్టుకోగలదు. కనిగిరి, పొదిలి ఏం పెట్టుకుంటాయి? ఫ్లోరైడ్ ఎక్కువ ఉన్నది ఆ మెట్ట ఊళ్లలోనే కదా. మేం ఓటేసి పంపిన ఎమ్మెల్యే, ఎంపీ ఉన్నారు. మాట్లాడటం వాళ్ల పని. ఆ పనికి ఇంకొకరికి జీతం ఇస్తే, రేపు వాళ్లను అడిగే హక్కు కూడా పోతుంది.

సోషల్ మాస్టారు (ప్రకాశం జిల్లా)

అందరికీ కృతజ్ఞతలు. నాలుగు రోజులు ఆలోచించి రాస్తున్నాను.

అమ్మా, మీ అమ్మగారికి నా నమస్కారం చెప్పండి. ఆ రోజుల్లో నేను మర్రిపాడు వైపు కొత్తగా చేరిన మాస్టర్ని, రాత్రి బడుల్లో ఆడవాళ్లు చదువుకుంటూనే సారా మాట ఎత్తడం నా కళ్లతో చూశాను. మీరన్నది నిజం. కానీ సారా దుకాణం మూయమనడం ఒక్క మాట, అందరూ కలిసి అనవచ్చు. నీళ్ల ట్యాంకుకు ఆ ఒక్క మాట చాలదమ్మా. భూమి సర్వే, సాగర్ కాలువ నుంచి నీటి వాటా, డీపీఆర్, అంచనా రేట్లు మారినప్పుడల్లా కొత్త డీపీఆర్, మూడు కమిటీలు. ప్రతి మెట్టు దగ్గరా ఒక ప్రశ్న వేసి వెనక్కి పంపుతారు. దానికి వారంలో జవాబు రాసేవాడు ఉండాలి. జనం పది రోజులు ధర్నా చేయగలరు, పదేళ్లు చేయలేరు. వెలిగొండ ప్రాజెక్టునే చూడండి. 1996లో ఒక శంకుస్థాపన, 2004లో మళ్లీ ఒకటి. నా దగ్గర మొదటి శంకుస్థాపన నాటికి పదో తరగతి చదివిన పిల్లల పిల్లలు నా చేతి కిందే పదో తరగతి పాసై వెళ్లారు.

ఎమ్మెల్యే, ఎంపీల మాట. వాళ్లను అడగాల్సిందే. కానీ మా ఎంపీ నియోజకవర్గంలో ఏడు అసెంబ్లీ సీట్లు, ఎన్నో మండలాలు. మా ట్యాంకు ఫైలు ఏ టేబుల్ మీద ఉందో ఆయన గుర్తు పెట్టుకోవాలనడం న్యాయం కాదు. మునిసిపాలిటీల గురించిన రాజ్యాంగ 74వ సవరణ పాఠం నేను ఏటా చెప్పేవాణ్ని. పన్నెండో షెడ్యూల్లో 18 అంశాలు, ఐదోది నీటి సరఫరా. పిల్లల చేత బట్టీ పట్టించాను. అదే సవరణలో 243డబ్ల్యూ అధికరణం ఆ అధికారాలు ఇచ్చే పనిని శాసనసభ ఇష్టానికి వదిలింది, ‘ఇవ్వవచ్చు’ అంది. ఇవ్వకపోతే అడిగేదెవరు? ఆస్తి పన్ను అద్దె విలువ నుంచి ఆస్తి విలువ లెక్కకు మారినప్పుడు మా ఊరు ఒక్క కాగితం కూడా పైకి రాయలేదు. మాకు మార్పు తెలిసింది డిమాండు నోటీసు వచ్చాకే.

డబ్బున్న ఊరే ముందు వెళ్తుందన్న మాట మాత్రం నన్ను పట్టుకుంది. దానికి నా దగ్గర ఒక్కటే జవాబుంది. ఒక్కో ఊరు కాదు, జిల్లాలో చిన్న మునిసిపాలిటీలన్నీ కలిసి ఒక మనిషిని పెట్టుకోవాలి. నీళ్ల పని ఒక్కటే ఆయన పని. అమెరికాలో కూడా చాలా ఊళ్ల మేయర్లకు కలిపి ఒక సంఘం ఉందట, 1932 నుంచి.

టెక్సాస్ బాబూ, నీ మాట మీద కోపం ఎందుకు? నువ్వు చెప్పిన రిజిస్టరే నాకు కావాల్సింది. చట్టం లేకపోయినా కౌన్సిల్ తనంతట తను పెట్టుకోవచ్చు కదా. నిన్న సాయంత్రం మా వార్డు కౌన్సిలరు ఇంటికి వెళ్లాను. 1998 బ్యాచ్. గంటసేపు విన్నాడు. ‘మనిషి సంగతి తర్వాత మాస్టారూ, ముందు ఆఫీసులో ఉన్నవాళ్లలోనే ఒకరికి పని అప్పజెబుదాం’ అన్నాడు. అకౌంట్స్ సార్ చెప్పిన పద్దు బాధ కూడా ఉండదు, నాకూ నచ్చింది.

తీర్మానం ముసాయిదా ఇలా రాశాను: తాగునీటి పథకం ఫైలు వెంట తిరగడానికి ఒక ఉద్యోగిని పేరుతో సహా నియమించాలి. ఆయన ఏ తేదీన ఏ ఆఫీసుకు వెళ్లాడు, ఎవరిని కలిశాడు, వాళ్లేమన్నారు అన్నది ఒక పుస్తకంలో రాయాలి. ఆ పేజీ నెలనెలా మునిసిపల్ ఆఫీసు నోటీసు బోర్డు మీద అంటించాలి. ఆయన టీఏ బిల్లు నెల లోపల ఇవ్వాలి. ఆ చివరి వాక్యం అకౌంట్స్ సార్ కోసం చేర్చింది.

సార్, ఉద్యోగిని ఇలా ప్రత్యేకంగా నియమించే ఆర్డరులో ఏ మాటలు వాడతారు? మీ దగ్గర పాత నమూనా ఏదైనా ఉంటే ఇక్కడ పెట్టండి. కౌన్సిల్ మీటింగ్ నెలాఖరున. ఎజెండాలోకి ఎక్కాలంటే వారం ముందు ఇవ్వాలట.

అకౌంట్స్ సెక్షన్ (నెల్లూరు జిల్లా, రిటైర్డ్)

ఉంది మాస్టారూ. ‘నోడల్ అధికారి’ అని రాయండి, కమిషనర్‌కు సంతకం పెట్టడం తేలిక. ‘ప్రయాణ ఖర్చులు జనరల్ ఫండ్ నుంచి’ అన్న మాట తప్పకుండా పెట్టండి, అది లేకపోతే రెండో నెల నుంచి ఆయన కదలడు. నమూనా రేపు ఫోటో తీసి పెడతాను. సంతకాలు, పేర్లు చెరిపి.