టెక్సస్ గర్భస్రావ నిషేధం: గర్భస్రావ వ్యతిరేక సంఘాలకు అంత బలం ఎక్కడిది?

నల్లగొండ సోషల్ టీచర్:

ముప్పై ఒక్క ఏళ్లు ప్రభుత్వ ఉన్నత పాఠశాలల్లో సాంఘిక శాస్త్రం చెప్పి రిటైరయ్యాను. బిల్లు చట్టంగా ఎలా మారుతుందో బోర్డు మీద బాణాలు గీసి ఎన్ని తరగతులకు వివరించానో లెక్క లేదు. ఇప్పుడు నాకే ఆ పాఠం అర్థం కావడం లేదు.

మా అమ్మాయి అమెరికాలో, టెక్సస్ రాష్ట్రంలోని డాలస్‌లో ఉంటుంది. 2023 డిసెంబరులో, పదిహేడో వారంలో దానికి ఉమ్మనీరు పోయింది. బిడ్డ దక్కదని డాక్టరమ్మే చెప్పింది. అయినా గుండె కొట్టుకుంటోంది కాబట్టి ఏమీ చేయలేమని ఇంటికి పంపారు. ఇక్కడ అప్పుడు తెల్లవారుజాము నాలుగు గంటలు. దానికి పంపడానికే సకినాలకు బియ్యం నానబోసి ఉన్నాను. "అమ్మా, జ్వరం వస్తే రమ్మన్నారు" అంది ఫోనులో. రెండో రోజు రాత్రి జ్వరం 103 దాటాక చేర్చుకున్నారు. మా అమ్మాయి ప్రాణం దక్కింది. నానిన బియ్యం పులిసి ఇల్లంతా వాసన కొట్టేదాకా నాకు వాటి ధ్యాసే లేదు.

ఆ డాక్టరమ్మను నేను తిట్టుకోను. ఆమెకూ పిల్లలుంటారు, జైలు భయం ఉంటుంది. నేను అడిగేది ఒక్కటే. ఈ చట్టాల వెనుక గర్భస్రావ వ్యతిరేక సంఘాలున్నాయని అందరూ అంటారు. సంఘాలకు శాసనసభలో ఓటు ఉండదు కదా, మరి ఇంత పని ఎలా చేయించుకున్నాయి? తెలిసినవారు విడమరచి చెప్పండి.

పాలమూరు వకీలు:

టీచర్ గారూ, అమ్మాయి క్షేమంగా బయటపడినందుకు సంతోషం. మీ బాణాల్లో తప్పేమీ లేదు. మొదటి బాణానికి ముందు జరిగేది పాఠ్యపుస్తకంలో ఉండదు.

మన దస్తావేజు లేఖరుల దగ్గర పేరు, సర్వే నంబరు ఖాళీ వదిలిన కాగితాలు ఉంటాయి చూడండి. అక్కడ చట్టాలకు కూడా అలాంటివి ఉన్నాయి. 1971లో మొదలైన అమెరికన్స్ యునైటెడ్ ఫర్ లైఫ్ అనే సంస్థ నమూనా బిల్లులు రాసి రాష్ట్రాల శాసనసభ్యులకు అందిస్తుంది. మిసిసిపీ 2018లో పదిహేను వారాలు దాటితే గర్భస్రావం కూడదని చేసిన చట్టానికి మూలం అలయన్స్ డిఫెండింగ్ ఫ్రీడమ్ అనే న్యాయవాదుల సంస్థ తయారుచేసిన నమూనా. దాన్ని సవాలు చేస్తారని తెలుసు. సుప్రీంకోర్టుదాకా పోవాలన్నదే వారి కోరిక. పోయింది. గర్భస్రావాన్ని దేశమంతటా హక్కుగా గుర్తించిన 1973 నాటి రో తీర్పును, ఈ మిసిసిపీ కేసులోనే 2022 జూన్ 24న వచ్చిన డాబ్స్ తీర్పు కొట్టేసింది.

అప్పటికి న్యాయమూర్తులు కూడా మారారు. 2016లో ట్రంప్ తాను ఎవరిని సుప్రీంకోర్టుకు ఎంచుకుంటాడో ఎన్నికలకు ముందే జాబితాగా ప్రకటించి ఈ సంఘాల నమ్మకం సంపాదించాడు. ఆయన నియమించిన ముగ్గురూ డాబ్స్‌లో రో తీర్పును కొట్టేయడానికే ఓటు వేశారు.

సుసాన్ బి. ఆంథోనీ పేరుతో నడిచే గర్భస్రావ వ్యతిరేక సంఘం కాంగ్రెస్ సభ్యులకు, వాళ్లు సభలో వేసిన ఓట్లను బట్టి గ్రేడులు ఇస్తుంది, మీ ప్రగతి పత్రాల్లాగే. పార్టీ అభ్యర్థిని తేల్చే ప్రైమరీ ఎన్నికల్లో ఓటు వేసేది కొద్దిమంది. పట్టుదలగా వచ్చేవారిదే అక్కడ మాట. అందుకే ఎంతటి నాయకుడైనా ఆ గ్రేడుకు జంకుతాడు.

టెక్సస్‌ది ఇంకో మెలిక. పిండం గుండె చప్పుడు వినబడ్డాక గర్భస్రావం కూడదన్న 2021 చట్టం అమలును అధికారుల చేతిలో పెట్టలేదు. గర్భస్రావానికి సాయపడినవారి మీద ఏ పౌరుడైనా దావా వేయవచ్చు, గెలిస్తే కనీసం 10,000 డాలర్లు. అమలు చేసే అధికారే లేకపోతే కోర్టు ఎవరిని ఆపుతుంది? ఈ ఉపాయం జొనాథన్ మిచెల్ అనే న్యాయవాదిది. 2022 ఆగస్టు నుంచి దాని పైన క్రిమినల్ నిషేధం కూడా వచ్చింది, డాక్టరుకు యావజ్జీవం దాకా పడవచ్చు. తల్లి ప్రాణాపాయానికి మినహాయింపు రాశారు. అపాయం ఎప్పుడు మొదలైందో నిర్ణయించే భారం మాత్రం డాక్టరు మెడకు కట్టారు. మీ అమ్మాయికి జ్వరం రావాలన్నది అందుకే. వకీలునై ఉండీ ఇది చదివినప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది.

జడ్చర్ల పాస్టర్ గారి అబ్బాయి:

కడుపులో బిడ్డ దేవుడిచ్చిన ప్రాణమని నమ్ముతూ పెరిగాను, ఇప్పటికీ నమ్ముతాను. గర్భస్రావం వద్దంటూ 1974 నుంచి ఏటా జనవరి చలిలో వాషింగ్టన్ వీధుల్లో నడుస్తున్నవారిని ఎత్తులు వేసేవారిగా మాత్రమే చూడకండి అన్నా. వారిలో ఎందరో కన్నీళ్లతో నడిచారు. కానీ టీచరమ్మా, దక్కని బిడ్డ పేరు చెప్పి తల్లికి జ్వరం వచ్చేదాకా ఆపమని నా విశ్వాసం ఎన్నడూ చెప్పలేదు. మీ అమ్మాయి కోసం ప్రార్థన చేస్తాను.

పాలమూరు వకీలు:

తమ్ముడూ, వారి కన్నీళ్లను నేను కాదనను. ఐర్లండ్‌లో కూడా 1983లో ఇలాంటి సంఘాలే పోరాడి కడుపులో బిడ్డకూ తల్లితో సమానంగా బతికే హక్కు ఇచ్చే ఎనిమిదో సవరణను రాజ్యాంగానికి తెప్పించాయి. 2012లో గాల్వేలో సవిత హలప్పనవర్‌కు, మన పక్క కర్ణాటక అమ్మాయికి, సరిగ్గా పదిహేడో వారంలోనే గర్భం నిలవదని తేలింది. తీసేయమని అడిగింది. గుండె కొట్టుకుంటోందని చేయలేదు. ఇన్ఫెక్షన్ ఒళ్లంతా పాకి (సెప్సిస్‌తో) చనిపోయింది. 2018లో అక్కడి ప్రజలు 66.4 శాతం ఓట్లతో ఆ సవరణను తీసేశారు.

దేవరకొండ ఏఎన్ఎం:

టీచరమ్మా, మన దగ్గర గర్భస్రావాన్ని అనుమతించే చట్టం 1971 నుంచి ఉంది. 2021 సవరణతో కొన్ని వర్గాల స్త్రీలకు గడువు 24 వారాల దాకా పెరిగింది. ఏ పార్టీ దీని మీద ఓట్లు అడగదు. అయినా మా తండాల్లో చాలామంది గర్భం తీయించుకోవడమే నేరమనుకుంటారు. ఆడశిశువుల కోసం పోరాడిన రోజుల్లో "భ్రూణహత్య మహాపాపం" అని గోడలకు రాయించారు. నేనూ దగ్గరుండి రాయించాను. 1994 చట్టం నిషేధించింది కడుపులో ఆడా మగా అని చూడటాన్ని. ఆ తేడా మేం గోడ మీద రాయలేదు.

నలుగురు పిల్లల తల్లి ఒకామె మెడికల్ షాపులో మాత్రలు కొని మింగి, మూడు రోజులు రక్తం పోయాక వచ్చింది. కొంగు ముడి విప్పి ఖాళీ అట్ట చూపించి, "పోలీసులకు చెప్పకు సిస్టరమ్మా" అని నా కాళ్లు పట్టుకుంది. చట్టప్రకారం డాక్టరు దగ్గర తీయించుకోవడంలో నేరం లేదు. మొదటి వారాల్లోనే మా దగ్గరికి వచ్చి ఉంటే ప్రభుత్వ ఆసుపత్రిలో ఉచితంగా అయిపోయేది.

నల్లగొండ సోషల్ టీచర్:

అందరికీ నమస్కారం. ఇదంతా రాత్రి అమ్మాయికి ఫోనులో చదివి వినిపించాను. సవిత దగ్గరికి వచ్చేసరికి అటునుంచి మాట లేదు. దానికి అక్కడ ఓటు లేదు, గ్రీన్‌కార్డు వరుసలో ఉన్నారు. ఇప్పుడు మళ్లీ తొమ్మిదో వారం. అల్లుడు చికాగోకు బదిలీ అడిగాడు, ఇల్లినాయ్‌లో ఈ నిషేధం లేదని. ఆ ఊళ్లో మనవాళ్లు ఎవరైనా ఉంటే, మంచి ప్రసూతి డాక్టరు ఎక్కడున్నారో చెప్పండి.